అల్యూమినియం పడవ హల్ (బయటి గుల్ల)పై సొట్టలు తీయడం: సమగ్ర మార్గదర్శి

పాత అల్యూమినియం పడవను బాగుచేసుకోవాలనుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: లోపలి నుంచి సుత్తితో కొడితే సొట్ట బయటికి రాదా? వస్తుంది, కానీ దానితోపాటు చుట్టూ నాలుగు కొత్త ఉబ్బులు కూడా వస్తాయి. లోతుగా ఉన్నచోట కొట్టాలన్న కోరికను అదుపులో పెట్టుకుని, సొట్ట ఏ క్రమంలో పడిందో దానికి తిరగేసిన క్రమంలో తీయడమే ఈ పనిలోని అసలు కిటుకు. ఈ వ్యాసమంతా ఆ క్రమం గురించే.

1950, 60 దశకాల నాటి రివెట్ పడవలను (రేకులను తలలున్న లోహపు మేకులతో బిగించి కట్టినవాటిని) దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. వీటి రేకు మందం సాధారణంగా ఒకటి నుంచి రెండున్నర మి.మీ. మధ్య ఉంటుంది. పూర్తిగా వెల్డింగుతో కట్టిన, మందమైన పలకల పడవలకు ఇందులోని సొట్టను పరిశీలించి చదివే పద్ధతి, తీసే క్రమం వర్తిస్తాయి కానీ, చేతి సుత్తి బలం వాటికి చాలదు.

1. ముందు సొట్టను చదవాలి

సుత్తి పట్టుకోకముందే సొట్టతో ఒక గంట గడపడం నష్టమేమీ కాదు. చూడటానికి ఒక్కటే గుంటలా కనిపించినా, ప్రతి సొట్టలోనూ మూడు భాగాలుంటాయి: దెబ్బ నేరుగా తగిలిన లోతు, దాని చుట్టూ పైకి లేచిన గట్టు, ఈ రెంటి మధ్య వాలు. శాశ్వతంగా వంగిన లోహం ఎక్కువగా లోతులోనూ గట్టులోనూ ఉంటుంది. వాలులో చాలాభాగం నిజానికి పాడవలేదు, గట్టు పట్టి ఉంచినందువల్ల మాత్రమే అక్కడ ఆగి ఉంది. గట్టు తెగనిదే చెరువు నీరు కదలనట్టు, ఈ గట్టు సడలనిదే వాలు తన చోటికి వెళ్లదు.

దీన్ని చేతితోనే తెలుసుకోవచ్చు. బొటనవేలితో వాలుపై అక్కడక్కడా నొక్కి చూడాలి. కొంచెం లోపలికి వెళ్లి మళ్లీ యథాస్థితికి వస్తే ఆ లోహం కేవలం చిక్కుకుని ఉందని అర్థం. ఎంత నొక్కినా కదలకుండా రాయిలా ఉంటే అక్కడ లోహం వంగి, గట్టిపడి ఉంది. మన పని ప్రధానంగా ఈ గట్టిపడిన చోట్లలోనే.

తర్వాత రేకును తడిగుడ్డతో తుడిచి, టార్చిలైటును రేకుకు దాదాపు ఆనించి ఏటవాలుగా వెలుగు పడేలా పట్టుకోవాలి. తడి ఉపరితలంపై వెలుగు గీత ఎక్కడ వంకర తిరుగుతుందో అక్కడ గట్టు అంచు ఉంటుంది. ఆ అంచునంతా ఫెల్ట్ మార్కరుతో గీసి, ఎత్తుగా ఉన్న చోట్ల కూడిక గుర్తు, పల్లంగా ఉన్న చోట్ల తీసివేత గుర్తు పెట్టాలి. మామూలు పెన్సిలుతో గీయకూడదు. అందులోని గ్రాఫైట్ మిగిలిపోతే తడి తగిలినప్పుడు అల్యూమినియంను తినేస్తుంది.

సొట్ట చుట్టూ కనీసం 150 మి.మీ. మేర ఉన్న ప్రతి రివెట్టునూ ఇప్పుడే చూడాలి. తల చుట్టూ నల్లటి పొడి లేదా మసిచార కనిపిస్తే ఆ రివెట్టు తన రంధ్రంలో కదులుతూ అరుగుతోందని అర్థం.

2. లోహం ఏమిటో తెలుసుకోవాలి

పాత చిన్న పడవల్లో ఎక్కువగా కనిపించే రేకులు రెండు కుటుంబాలవి. మెగ్నీషియం కలిసిన 5052, 5086 వంటి 5000 శ్రేణి ఒకటి. వేడిచేసి, చల్లార్చి గట్టిపరిచే 6061 వంటి 6000 శ్రేణి రెండోది. మొదటి కుటుంబం సుత్తిదెబ్బలకు గట్టిపడుతుంది, వేడికి మెత్తబడుతుంది. రెండోదాని బలం కొలిమిలో వచ్చింది కాబట్టి, దాన్ని గ్యాస్ టార్చి మంటతో వేడిచేస్తే ఆ బలం పోతుంది, షెడ్డులో దాన్ని తిరిగి తేవడం సాధ్యం కాదు.

తేడా చిన్నదేమీ కాదు. 6061-టి6 (అలా గట్టిపరిచిన 6061) రేకు శాశ్వతంగా వంగడానికి దాదాపు 275 మెగాపాస్కల్ ఒత్తిడి కావాలి. పూర్తిగా మెత్తబడితే 55కే లొంగిపోతుంది. తయారీదారు పలక మీద గానీ, పాత పత్రాల్లో గానీ మిశ్రమం పేరు దొరక్కపోతే, వేడి పనికిరాని లోహంగానే భావించి, చల్లగా మాత్రమే పనిచేయడం క్షేమం.

3. చోటును ఖాళీ చేసి శుభ్రం చేయడం

సొట్ట వెనుకవైపు చేయి దూరకపోతే పని సగమే అవుతుంది. సీట్లు, నేల పలకలు, తేలుడు ఫోమ్ తీసేయాలి. ఫోమ్ విషయంలో బద్ధకించకూడదు. నీరు పీల్చుకున్న ఫోమ్ రేకుకు ఆనుకుని ఉన్నచోటే లోపలివైపు తుప్పు గుంటలు పడతాయి, పైగా పాలీయురెథేన్ ఫోమ్‌కు వేడి తగిలితే హైడ్రోజన్ సయనైడ్ సహా విషవాయువులు వస్తాయి. వేడి, నిప్పురవ్వలు ఉండే ఏ పనికైనా ముందు ఇంధన ట్యాంకు, గొట్టాలు పడవ నుంచి బయటికి వెళ్లిపోవాలి.

పాత రంగు కింద పచ్చ-పసుపు రంగు పూత కనిపిస్తే అది జింక్ క్రోమేట్ ప్రైమర్ అయి ఉండవచ్చు. అందులోని హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. పై రంగుల్లో సీసం ఉండే అవకాశమూ ఉంది. కాబట్టి పొడిగా గీకకుండా, తడిపి రుద్దాలి. ధూళికి తగిన కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకోవాలి. తడిచెత్తను పోగుచేసి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి.

కాస్టిక్ సోడా ఉన్న రంగు తొలగించే ద్రావణాలు అల్యూమినియం దగ్గరికి రాకూడదు. అవి రంగుతోపాటు లోహాన్నీ కరిగించి, మండే హైడ్రోజన్ వాయువును వదులుతాయి.

మొదలుపెట్టేముందు సరిచూసుకోవలసినవి:

- పడవ కదలకుండా, కీల్ (అడుగున పొడవునా ఉండే వెన్నుదూలం) కింద, ఫ్రేముల (హల్ లోపలి పక్కటెముకల) కింద ఆధారాలు ఉన్నాయి. సొట్ట ఉన్న రేకు కింద ఏ ఆధారమూ లేదు.
- ఇంధనం, బ్యాటరీ, ఫోమ్ తీసేశారు.
- సొట్టకు రెండువైపులా ఒక చదరపు మీటరు మేర రంగు, గ్రీజు, సీలెంటు (నీరు కారకుండా పూసే పదార్థం) శుభ్రమయ్యాయి.
- చెవులకు, కళ్లకు రక్షణ ఉంది. మూసిన హల్ లోపల సుత్తి చప్పుడు రెట్టింపుగా వినిపిస్తుంది.
- పొడి ఇసుక బకెట్టు దగ్గరుంది. అల్యూమినియం పొడి అంటుకుంటే నీళ్లు చల్లకూడదు.

4. పనిముట్లు

పెద్ద జాబితా అక్కర్లేదు. 300 నుంచి 500 గ్రాముల సుత్తి ఒకటి, ముఖం అద్దంలా నునుపుగా ఉండాలి. కొయ్య లేదా నైలాన్ సుత్తి, అంచులు గుండ్రంగా చేసిన డాలీలు (రేకు వెనుక ఆనించి పట్టుకునే నునుపైన లోహపు దిమ్మలు) రెండు మూడు, తోలు ఇసుక సంచి, గట్టి కొయ్యతో చెక్కుకున్న మొద్దు ఉలులు, సన్నని చెక్క బద్ద, సీసా ఆకారపు చిన్న జాకీ ఒకటి ఉంటే చాలు. సుత్తి ముఖం మీద చిన్న గాటు ఉన్నా, ప్రతి దెబ్బకూ ఆ గాటు రేకు మీద ముద్ర పడుతుంది. అందువల్ల ముఖాలను సన్నని ఎమరీ కాగితంతో రుద్ది మెరుగుపెట్టుకోవడం పనిలో భాగమే.

ఇనుము మీద వాడిన ఆకురాళ్లు, గ్రైండింగ్ చక్రాలు, బ్రష్షులు ఇక్కడ వాడకూడదు. వాటిలో చిక్కుకున్న ఇనుప రేణువులు అల్యూమినియంలోకి దిగి, ఉప్పునీరు తగిలాక ఒక్కో రేణువు చుట్టూ ఒక్కో గుంట తవ్వుతాయి. స్టెయిన్‌లెస్ బ్రష్షు ఒకటి దీనికే కేటాయించి పెట్టుకోవాలి.

5. ఆకారానికి మూస తయారుచేసుకోవడం

హల్ రేకు ఎక్కడా పూర్తిగా చదునుగా ఉండదు. చదునుగా వచ్చిందని సంతోషించే చోట నిజానికి ఒక మెత్తని వంపు ఉండవలసి ఉండవచ్చు. పడవకు రెండోవైపు ఉన్న అదే చోటు ఇక్కడ పనికొస్తుంది. గట్టి అట్టను ఆ వైపు వంపుకు సరిగ్గా కోసి, తిప్పి సొట్ట వైపు పెట్టుకోవాలి. నిలువుగా ఒకటి, అడ్డంగా రెండు మూసలు చాలు. ప్రతి మూస మీద ఏ ఫ్రేము దగ్గర, గన్నెల్ (పడవ పై అంచు) నుంచి ఎంత దూరంలో తీసుకున్నామో రాసిపెట్టాలి. లేకపోతే సాయంత్రానికి ఏది ఎక్కడిదో గుర్తుండదు.

రెండోవైపు కూడా సొట్టపడి ఉంటే, పాడవని ఫ్రేముల మీదుగా చెక్క బద్దను వంచి ఆనించి, అది సహజంగా తీసుకునే వంపును నమ్మవచ్చు.

6. ఫ్రేము ముందు, రేకు తర్వాత

లోపలి ఫ్రేము గానీ స్ట్రింగరు (పొడవునా సాగే ఆధారపు బద్ద) గానీ వంగి ఉంటే, దాని మీదున్న రేకు ఎన్నటికీ సరికాదు. దెబ్బ బలంగా తగిలిన సొట్టల్లో ఫ్రేము వంగడం సాధారణం, కానీ అది నేల పలకల కింద దాగి ఉండటం వల్ల చాలామంది చూడరు.

వంగిన ఫ్రేమును రేకుకు బిగించి ఉండగానే జాకీతో నెమ్మదిగా వెనక్కి నెట్టడం మొదటి ప్రయత్నం. జాకీ కింది భాగం ఎదుటివైపు రేకుకు ఆనకూడదు. మందమైన కర్ర దుంగను కీల్ మీద, కనీసం రెండు ఫ్రేముల మీద పరిచి దాని మీద పెట్టాలి. లోహం స్ప్రింగులా వెనక్కి వస్తుంది కాబట్టి కావలసిన గీతను కొద్దిగా దాటించి వదలాలి. ఎంత దాటించాలన్నది ప్రతిసారీ కొద్దికొద్దిగా నెట్టి, వదిలి, కొలిచి తెలుసుకోవలసిందే.

ఫ్రేము మూలలో నెర్రె కనిపిస్తే నెట్టడం ఆపి, దాన్ని విప్పి బయట సరిచేయడమో, కొత్తది చేయించడమో చేయాలి.

7. సొట్ట తీసే క్రమం

అసలు పని ఇక్కడే ఉంది. ఇద్దరు ఉంటే మంచిది: ఒకరు లోపల, ఒకరు బయట. లోపలివారు డాలీని జరిపిన ప్రతిసారీ ఒకసారి తట్టి చెప్పాలి, ఆ తట్టు వినిపించాకే బయటివారు కొట్టాలి.

7.1 ఒత్తిడి ఇచ్చి ఉంచడం. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న సొట్టకు లోపలి నుంచి జాకీతోనో, భుజంతోనో, ఇసుక సంచితోనో మెత్తని ఒత్తిడి ఇవ్వాలి. రేకుకు తగిలేచోట హల్ వంపుకు చెక్కిన కొయ్యదిమ్మ, దాని మీద తోలుముక్క ఉండాలి. సొట్టను పూర్తిగా నెట్టేయడం ఉద్దేశం కాదు. లోహం బయటికి వెళ్లాలని ఎదురుచూసే స్థితిలో ఉంచడం మాత్రమే.

7.2 గట్టును సడలించడం. ఆ ఒత్తిడి అలా ఉండగానే బయటి నుంచి గట్టు మీద కొయ్య సుత్తితో తేలికగా తట్టుకుంటూ పోవాలి. సొట్ట చివరగా ఏర్పడ్డ చోట, అంటే లోతుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న అంచున మొదలుపెట్టి, చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తిచేసి, ఆ తర్వాతే ఒక వేలి వెడల్పు లోపలికి జరగాలి. ఒకేచోట మూడు నాలుగు దెబ్బలకు మించి వేయకూడదు. దెబ్బ బలం కన్నా దెబ్బల సంఖ్య మీద ఆధారపడాలి. చాలా సొట్టలు ఈ దశలోనే టక్కుమని చప్పుడు చేస్తూ సగానికిపైగా బయటికి వచ్చేస్తాయి. అలా వచ్చిన వెంటనే జాకీ ఒత్తిడి తగ్గించి, మళ్లీ టార్చివెలుగులో చదివి, మార్కరు గీతలు చెరిపి కొత్తగా గీయాలి. పాత గీతలను నమ్మి కొడుతూ పోవడం వల్లనే చాలా రేకులు పాడవుతాయి.

7.3 ఆఫ్-డాలీ దెబ్బ. మిగిలిన పల్లం కింద లోపలి నుంచి డాలీని గట్టిగా అదిమి పట్టుకుని, బయట దాని పక్కనే ఉన్న ఎత్తు మీద సుత్తితో కొట్టాలి. సుత్తి ఎత్తును దించుతుంది, అదే క్షణంలో డాలీ పల్లాన్ని లేపుతుంది. లోహం సాగదు. ఈ పనిలో పదింట ఎనిమిది దెబ్బలు ఇలాంటివే కావాలి.

7.4 ఆన్-డాలీ దెబ్బ. సుత్తి, డాలీ రేకుకు రెండువైపులా ఒకేచోట కలిస్తే లోహం పలచబడి, సాగుతుంది. కలిసినప్పుడు గట్టిగా మోగే శబ్దం వస్తుంది, కలవనప్పుడు బోలు చప్పుడు వస్తుంది. కొంతసేపటికి చెవికే తెలిసిపోతుంది. చివర్లో మిగిలిన చిన్న గరుకును చదును చేయడానికి మాత్రమే దీన్ని వాడాలి, అదీ చాలా తేలికగా.

7.5 పదునైన మడతలు. రాయి అంచుకో, స్తంభం మూలకో తగిలి గీతలా లోపలికి మడత పడితే, లోపలి నుంచి గుండ్రటి అంచున్న కొయ్య ఉలిని ఆ గీత వెంట పెట్టి తట్టాలి. మడత రెండు కొసలనుంచి మధ్యకు, ఒకసారి ఇటు ఒకసారి అటు రావాలి. కొసలు విడిపోకముందే మధ్యలో నెడితే, ఆ కొసల దగ్గరే నెర్రె పుడుతుంది.

7.6 ఎక్కడ ఆపాలి. నీటి గీతకు (పడవ మునిగే మట్టానికి) పైన, 300 మి.మీ. బద్ద కింద ఒక మి.మీ. వెలితి మిగిలితే సుత్తి కింద పెట్టేయవచ్చు. అడుగున, ట్రాన్సమ్‌కు (పడవ వెనుక గోడకు) ముందున్న చివరి మీటరు మేర మాత్రం అంత ఉదారంగా ఉండకూడదు. వేగంగా వెళ్లే పడవకు అక్కడ అడుగు లోపలికి గుంటపడి, ట్రాన్సమ్ అంచు కిందికి వంగినట్టుంటే ముక్కు నీటిలోకి దిగుతుంది. బయటికి ఉబ్బి ఉంటే ముక్కు లేచి పడుతూ పడవ ఊగుతుంది. ఆ భాగాన్ని పొడవాటి తిన్నని బద్దతో ముందు నుంచి వెనక్కి కొలవాలి.

8. కదలని గట్టును వేడితో మెత్తబరచడం

రేకు 5000 శ్రేణిదని కచ్చితంగా తెలిసి, గట్టు చల్లని దెబ్బలకు లొంగనప్పుడు మాత్రమే ఈ దశ. నా ఉద్దేశంలో చాలా సొట్టలకు ఇది అవసరం రాదు. ఓపిక చాలక టార్చి అందుకునేవారే ఎక్కువ.

అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు. 5052 దాదాపు 607 డిగ్రీల సెల్సియస్ వద్ద కరగడం మొదలవుతుంది, అంతవరకూ చూపుకు మామూలు రంగులోనే ఉండి, ఒక్కసారిగా కూలిపోతుంది. మెత్తబరచడానికి కావలసింది సుమారు 345 డిగ్రీలే.

క్రమం ఇది:

1. ఉష్ణోగ్రత క్రేయాన్‌తో (నిర్ణీత వేడి తగిలితే కరిగేది) గట్టు మీద గీత గీయాలి, లేదా ఎసిటిలీన్ ఎక్కువగా ఉన్న మంటతో పలచగా మసి పట్టించాలి.
2. మామూలు మంటకు మార్చి, టార్చిని దూరంగా, ఆపకుండా కదుపుతూ వేడిచేయాలి. అల్యూమినియం వేడిని వేగంగా పంచేస్తుంది కాబట్టి పెద్ద మెత్తని మంట కావాలి.
3. క్రేయాన్ గీత కరిగిన వెంటనే, లేదా మసి మాయమవుతూ ఉండగానే మంట తీసేయాలి.
4. చల్లారాక 7వ దశలోని క్రమంలోనే తిరిగి పనిచేయాలి.

రివెట్ల వరుసకు దగ్గరగా వేడిచేయకూడదు. సీలెంటు మాడి, అతుకు కారుతుంది. మెత్తబడిన చోటు బలం శాశ్వతంగా తగ్గుతుంది, సుత్తిదెబ్బలు అందులో కొంత మాత్రమే తిరిగి ఇస్తాయి. అందువల్ల మెత్తబరిచే ప్రాంతం అరచేతిని మించకూడదు.

9. సాగిపోయిన రేకు

సొట్ట పోయినా, నొక్కితే టిక్కుమని లోపలికి వెళ్లి మళ్లీ టిక్కుమని బయటికి వచ్చే రేకు మిగిలితే, అక్కడ లోహం సాగింది. చోటుకన్నా రేకు ఎక్కువైందన్న మాట. ఇంకా కొట్టడం వల్ల అది మరింత సాగుతుంది, అంతే.

వేడిచేసి కుదించే పద్ధతి ఉక్కు మీద బాగా పనిచేస్తుంది కానీ, అల్యూమినియం వేడిని చుట్టూ పంచేస్తుంది గనుక పలచని హల్ రేకు మీద ఫలితం అంతంతమాత్రం. నేను సూచించేది వేరే దారి: ఆ చోటును ఒక మి.మీ. లోపలికే స్థిరంగా ఉంచి, లోపల అదే మిశ్రమంతో చేసిన టోపీ ఆకారపు సన్నని పట్టీని రెండు ఫ్రేముల మధ్య సీలెంటుతో, రివెట్లతో బిగించడం. మిగిలిన పల్లాన్ని పూత సరిచేస్తుంది. చూపుకు పరిపూర్ణం కాకపోయినా, నీటిలో రేకు ఊగదు, ఊగనంతకాలం అలసిపోయి పగలదు.

10. నెర్రెలు, రివెట్లు

సుత్తిపని అయ్యాక నెర్రెల పరీక్ష తప్పనిసరి. మూడు డబ్బాల డై పెనెట్రెంట్ (నెర్రెల్లోకి ఇంకే రంగు) చాలు: శుభ్రపరిచి, ఎర్రరంగు చల్లి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, గుడ్డతో తుడిచి, తెల్లటి డెవలపర్ చల్లాలి. నెర్రె ఉంటే తెలుపు మీద ఎర్రగీత తేలుతుంది. తుడిచేటప్పుడు ద్రావకాన్ని రేకు మీదకు నేరుగా చల్లకూడదు, గుడ్డ మీద చల్లుకోవాలి. లేకపోతే నెర్రెలోని రంగు కూడా కొట్టుకుపోతుంది.

నెర్రె కొసను గుర్తించి, దానికి కాస్త అవతలగా 3 మి.మీ. రంధ్రం వేస్తే అది ముందుకు పాకడం ఆగుతుంది. ఆ తర్వాత దారులు రెండు.

వెల్డింగు. 5000 శ్రేణికి 5356 ఫిల్లర్ తీగ సరిపోతుంది. 5083, 5086 వంటి మెగ్నీషియం ఎక్కువున్న రేకులకు 4043 తీగ వాడితే అతుకు పెళుసుగా తయారవుతుంది. పైనున్న ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలకు పైన గానీ కరగదు. దాని కిందున్న లోహం 600 దగ్గరే కరుగుతుంది. అందుకే ముందు గ్రీజు తుడిచి, ఆ తర్వాతే స్టెయిన్‌లెస్ బ్రష్షుతో రుద్దాలి. ఈ రెండూ తారుమారైతే బ్రష్షు గ్రీజును లోహంలోకి రుద్దుతుంది. రేకు పలచన, వంకర పోయే గుణం ఎక్కువ కాబట్టి, ఈ పని అనుభవమున్న అల్యూమినియం వెల్డరుకు అప్పగించడమే మేలు.

లోపలి అతుకు పలక. రివెట్ పడవకు నేను ముందుగా ఎంచుకునేది ఇదే, ఎందుకంటే వేడి లేదు, బలం పోదు. అదే మిశ్రమం, అదే మందం లేదా ఒక మెట్టు ఎక్కువ మందం ఉన్న రేకును, మూలలు గుండ్రంగా కోసి, హల్ వంపుకు వంచి, సీలెంటు పూసి రివెట్లతో బిగించాలి.

రివెట్ల కొలతలు ఊహతో వేయకూడదు:

- రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు దూరం రివెట్టు వ్యాసానికి కనీసం రెండు రెట్లు.
- రివెట్టుకూ రివెట్టుకూ మధ్య కనీసం మూడు రెట్లు. నీరు కారకూడని అతుకులో మరీ దూరం పెంచినా సీలెంటు పొర విచ్చుకుంటుంది.
- కొట్టడానికి ముందు అవతలికి పొడుచుకురావలసిన పొడవు ఒకటిన్నర రెట్లు.
- కొట్టాక చదునయ్యే తోక వెడల్పు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం.
- 4.8 మి.మీ. రివెట్టుకు 4.85 మి.మీ. రంధ్రం.

వదులైన పాత రివెట్టును తీసేటప్పుడు తల మధ్యలో పంచుతో గుర్తుపెట్టి, రంధ్రానికి మించని బిట్‌తో తల లోతు వరకే డ్రిల్ చేసి, తలను ఉలితో లేపి, వెనుక ఆధారం పెట్టి కాడను పంచుతో తోసేయాలి. రంధ్రం కోలగా సాగి ఉంటే ఒక సైజు పెద్ద రివెట్టు వేయాలి. నీటి గీత కింద మామూలు పాప్ రివెట్లు (మధ్యలోని మేకును లాగి బిగించేవి) వాడకూడదు. వాటి మధ్యలో రంధ్రం ఉంటుంది, మేకు ఊడితే నీరు అక్కడినుంచే వస్తుంది. వెనుకకు చేయి అందని చోట మూసిన కొస ఉన్న బ్లైండ్ రివెట్లు వాడవచ్చు.

11. పూరణ, ప్రైమర్, రంగు

ఫిల్లర్ మందం ఎక్కడా 3 మి.మీ. దాటితే తిరిగి 7వ దశకు వెళ్లాలి. కార్లకు వాడే పాలిస్టర్ పుట్టీ నీరు పీల్చుకుంటుంది, నీటిలో ఉండే భాగానికి అది పనికిరాదు. ఎపాక్సీ ఫెయిరింగ్ ఫిల్లరే వాడాలి.

రేకును 80 నంబరు అల్యూమినియం ఆక్సైడ్ కాగితంతో గరుకుచేసి, ద్రావకంతో తుడిచి, తయారీదారు చెప్పిన గడువు లోపే ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. కొత్త ఆక్సైడ్ పొర వెంటనే పెరగడం మొదలవుతుంది కాబట్టి, రేపు వేద్దామని వదిలేసిన రేకును మళ్లీ రుద్దవలసిందే. ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని పట్టుకునే పూత) వాడాలనుకుంటే, దానిపై ఎపాక్సీ నిలుస్తుందో లేదో రెండింటి తయారీదారుల సూచనల్లో చూసుకోవాలి. ఒకే కంపెనీ వరుసలోని పూతలు వాడితే ఈ చిక్కు రాదు.

అడుగుకు వేసే యాంటీఫౌలింగ్ (నాచు, జీవులు అంటకుండా చేసే) రంగులో కుప్రస్ ఆక్సైడ్ అనే రాగి సమ్మేళనం ఉండకూడదు. రాగి, అల్యూమినియం ఉప్పునీటిలో కలిస్తే అల్యూమినియమే కరుగుతుంది, సరిగ్గా రంగు గీకుకుపోయిన చోటే.

12. తరచూ కనిపించే తప్పులు, వాటికి దారులు

లోతు మీద నేరుగా కొట్టడం. మధ్యలో చిన్న మొటిమ లేస్తుంది, చుట్టూ వలయంగా పల్లం మిగులుతుంది. మొటిమను వదిలేసి, వలయం బయటి గట్టును తేలిగ్గా దించుతూ రావాలి. చివరికి మొటిమ మిగిలితే ఇసుక సంచి ఆనించి కొయ్య సుత్తితో దించాలి.

వెనుక ఏమీ లేకుండా కొట్టడం. ఆధారం లేని రేకు మీద దెబ్బ దూరంగా మరెక్కడో ఉబ్బుగా తేలుతుంది. ఆ ఉబ్బును వెంటనే కొట్టకుండా, మొదటి చోట గట్టు మిగిలిందేమో చూడాలి. చాలాసార్లు అది సడలితే ఇదీ పోతుంది.

ఎత్తును ఆకురాయితో అరగదీయడం. ఒకటిన్నర మి.మీ. రేకులో పావు మి.మీ. పోయినా అది ఆరో వంతు. ఆకురాయిని ఎత్తులను చూపించే పరికరంగా, గాలిలా తేలికగా మాత్రమే ఆడించాలి. ఇప్పటికే పలచబడి ఉంటే అల్ట్రాసోనిక్ మందం కొలిచే పరికరంతో చూసి, లోపల అతుకు పలక వేయాలి.

ఉక్కు మరలతో తాత్కాలికంగా బిగించి మరిచిపోవడం. తాత్కాలికానికి క్లెకో బిగింపులు (రివెట్ రంధ్రాల్లో పెట్టి తీసేయగల స్ప్రింగు పిన్నులు) ఉన్నాయి. స్టెయిన్‌లెస్ మర తప్పనిసరైన చోట నైలాన్ వాషరు, వేర్పరిచే పేస్టు ఉండాలి.

13. నీటి పరీక్ష

సీలెంటు పూర్తిగా ఆరాక, రంగు వేయకముందే ఈ పరీక్ష చేయాలి. పడవను ఆధారాల మీదే ఉంచి, లోపల మరమ్మతు చేసిన అతుకు మునిగేంత వరకే నీరు పోయాలి. ఒక చదరపు మీటరు మీద పది సెంటీమీటర్ల నీరు వంద కిలోలు. గన్నెల్ దాకా నింపితే ఆధారం లేని రేకు కొత్తగా ఉబ్బుతుంది.

బయట రేకును పొడిగా తుడిచి, రివెట్ల వరుస వెంట సుద్దపొడి రాసి, కనీసం అరగంట ఆగాలి. సుద్ద తడిసిన చోట రివెట్టును మార్కరుతో గుర్తించి, నీరు తోడేసి, ఆరాక ఆ రివెట్టును మళ్లీ కొట్టి బిగించాలి. బిగియకపోతే తీసి సీలెంటుతో కొత్తది వేయాలి. మిగిలిన రివెట్ల మీద బయటి నుంచి సీలెంటు పులమడం నీరు కారడాన్ని ఆపదు, కొన్నాళ్లు దాస్తుంది.

మొదటి ప్రయాణం తర్వాత పడవను ఒడ్డుకు తెచ్చి, అతుకు చుట్టూ రివెట్ తలలను గుడ్డతో తుడిచి చూడాలి. నల్లటి మసిచార మళ్లీ కనిపించినా, వేగంలో అడుగు నుంచి టిక్కుటిక్కుమని వినిపించినా, ఆ రెండు ఫ్రేముల మధ్య రేకు ఇంకా ఊగుతోందని గ్రహించి, 9వ దశలో చెప్పిన పట్టీని రంగు పాడైనా సరే వేయాలి.